సౌండు బాక్సుకి అడ్వాన్సు, తుడుముకి టిఫిను

ఆ ఫోను మీకే వస్తాది. తుడుము కొట్టే తాతకి రాదు, థింసా వరసలో ముందు నిలబడే పెద్దమ్మకి రాదు. డిగ్రీ చదివిందీ, వాట్సాప్ ఉన్నదీ, ఆఫీసరుతో తెలుగులో తడబడకుండా మాట్లాడగలిగేదీ మీరు. అందుకని మీకే వస్తాది. "బాబూ, ఎల్లుండి ప్రోగ్రాం ఉంది. ఇరవై మందిని తీసుకొచ్చెయ్. డ్రెస్సులు, వాయిద్యాలు మీవే తెచ్చుకోండి. టిఫిను, భోజనం మేం చూసుకుంటాం." మీరు "సరే సార్" అనీసి ఫోను పెట్టేస్తారు. ఎంతిస్తారని అడగడానికి నోరు రాదు. పెద్ద ఆఫీసు నుంచి పిలుపొచ్చిందంటే అదే గొప్ప అనిపిస్తాది.

మిత్రులారా, ఆ "సరే సార్" గురించే ఈ నాలుగు మాటలు.

మన వైపు ఉత్సవాల సీజను దసరాతో మొదలవుతాది. విజయదశమి ఎల్లిన తొలి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. దానికి ముందు విజయనగరం ఉత్సవాలు. 2025లో సిరిమాను అక్టోబరు 7న తిరిగింది, అంతకుముందు రెండు రోజులూ ఊరంతా స్టేజీలే. సంక్రాంతి దాటాక మక్కువ మండలంలో శంబర పోలమాంబ జాతర. 2025 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా అరకు చలి ఉత్సవం. అది ముగుస్తుండగానే అరసవల్లి రథసప్తమి, ఆ ఏడాదే దాన్ని రాష్ట్ర పండగ చేసినారు. ఒకే వారంలో ఒకచోట ఎయిర్ బెలూన్లు, ఇంకోచోట హెలికాప్టరు రైడ్లు. వీటిలో దేని ప్రచారం చూసినా ఎర్ర అంచు చీర కట్టి, చేయి చేయి పట్టుకుని వంగిన మన ఆడవాళ్ళో, నెమలి ఈకల తలపాగాతో కొమ్ము బూర ఊదుతున్న మన మగవాళ్ళో కనిపిస్తారు. ఫోటోలో ముందు వరస మనది. బిల్లులో ఎన్నో వరసో చూద్దాం.

పెద్ద ఉత్సవంలో ఒక్క రాత్రి కచేరీకి డబ్బు ఎలా ఖర్చవుతాదో గమనించండి. ముందు స్టేజీ. ఇనప చట్రాలు, వాటికి వేలాడే లైట్లు, వెనకాల ఎల్‌ఈడీ తెర. అటూ ఇటూ దొంతర్లుగా వేలాడదీసిన స్పీకర్లు. వాటికి లైను కరెంటు చాలదు, జనరేటర్లు కావాలి, డీజిలు కావాలి. ఆ తర్వాత సినిమా గాయకులు, వాళ్ళ వెనక వాయించేవాళ్ళు, అందరికీ విమానం టిక్కెట్లు, హోటలు గదులు, కార్లు. యాంకరమ్మ. బారికేడ్లు, అగ్నిమాపక బండి, అంబులెన్సు. ఇవన్నీ ఒక మూటగా కట్టి చేసిపెట్టే ఈవెంటు సంస్థ, దాని లాభం. వీళ్ళలో చాలామందికి మైకు మోగకముందే అడ్వాన్సు పడాలి. పడకపోతే స్పీకర్ల లారీ గొడౌను దాటదు, గాయకుడు విమానం ఎక్కడు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. తమ పని విలువ తెలిసినవాళ్ళు ఎవరైనా అలాగే చేస్తారు.

ముందు ఆడీసి, తర్వాత అడిగేది మన జట్టు ఒక్కటే.

అడిగాక వచ్చే జవాబులు మీకూ తెలుసు. బిల్లు పెట్టాం, పాసవ్వాలి. ఆ సారు బదిలీ అయిపోనారు. ఈవెంటు వాళ్ళకి ఇచ్చీసినాం, వాళ్ళనడగండి. ఈవెంటు వాళ్ళనడిగితే మాకు ఆఫీసు నుంచే రాలేదంటారు. నాకు తెలిసిన ఒక జట్టు మధ్యాహ్నం మూడుకి స్టేజీ వెనక్కి చేరి, రాత్రి తొమ్మిదికి స్టేజీ ఎక్కింది. పెద్దలు లేటుగా వచ్చినారని పన్నెండు నిమిషాల ఆట నాలుగు నిమిషాలైపోయింది. నాలుగు నిమిషాలే ఆడారు కదా అని డబ్బులోనూ కోత పెట్టబోయారు. ఆరు గంటలు కాచుకుని కూర్చోవడం పని కాదేటి? సినిమా గాయకుడు గ్రీన్ రూములో కూర్చున్న గంటలకి కోత పెట్టగలరేటి?

ఒక చిన్న లెక్క వేద్దాం. మన రాష్ట్రంలో 2025-26కి ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. సీతంపేట పైనున్న ఊరి నుంచో, గుమ్మలక్ష్మీపురం లోపలి గూడెం నుంచో జట్టు విజయనగరం దిగాలంటే ఒక రోజు ప్రయాణం. మర్నాడు ప్రోగ్రాం. అది అర్ధరాత్రి ముగిస్తే ఇల్లు చేరేది మూడో రోజు. ఇరవై మంది, మూడు రోజులు, 307 చొప్పున 18,420 రూపాయలు. ఇది ఆటకి వెల కాదు. అదే ఇరవై మంది ఊర్లోనే ఉండి గొయ్యి తవ్వితే వచ్చే కూలి. బండి కిరాయి, చీరలు, గజ్జెలు, తుడుముకి కొత్త తోలు వేయించిన ఖర్చు ఇందులో లేవు. జట్టు మొత్తానికి ఇంతకంటే తక్కువ చేతిలో పెట్టి "పారితోషికం" అన్నారంటే, ఆ ఉత్సవం మన కళని గొయ్యి తవ్వడం కన్నా కింద లెక్క కట్టిందని అర్థం.

పైగా ఇది ఏ కాలం? చలి ఉత్సవాల నెలలు కంది కోసే నెలలు, కొండచీపుళ్ళు కోసి కట్టలు కట్టే నెలలు. కాస్త ఆగితే చింతపండు. ఆ మూడు రోజులు చీపుళ్ళ మీద ఉంటే ఎంత వచ్చేదో అమ్మనో పిన్నినో అడిగి చూడండి, కచ్చితంగా చెప్తారు. పట్నం వాళ్ళకి అది సెలవుల సీజను, మనకి పంట సీజను.

ఇక్కడ ఒక మాట బాగా వాడతారు. "మీ సంస్కృతి కదమ్మా, మీ ఆనందం కోసం ఆడతారు కదా, దానికి డబ్బేటి?" వినడానికి ఇంపుగానే ఉంటాది. నిజమే, కంది కొత్తల పండక్కి తుడుము కొట్టిన మామని ఎవరూ రేటెంతని అడగరు, ఆయనా చెప్పడు. ఎందుకంటే అక్కడ ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు అని రెండు జాతులు లేవు. ఇప్పుడు చూస్తున్న గుంట ఇంకాసేపటికి వరసలో కలుస్తాది. వండిన కూడు అందరిదీ, కల్లు అందరిదీ, తెల్లారాక నడుం నొప్పీ అందరిదే. స్టేజీ సంగతి అది కాదు. అక్కడ బారికేడుకి అవతల కుర్చీలున్నాయి, కుర్చీల్లో మళ్ళీ వీఐపీ పాసులున్నాయి, చుట్టూ స్టాళ్ళున్నాయి, హోటళ్ళ గదుల రేట్లు ఆ మూడు రోజులూ చెట్టెక్కుతాయి. ఇంతమంది సంపాదించుకునే చోట ఒక్కళ్ళే ఆనందం కోసం ఆడాలనడం ఏం న్యాయం?

అరకు, పాడేరు వైపు ఇటుకల పండక్కి ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చే పోయే బళ్ళ దగ్గర డబ్బులు అడుగుతారు కదా. కార్లలో వచ్చినవాళ్ళు విసుక్కుంటారు, వీడియోలు తీసి పెడతారు. నాకైతే ఆ కర్ర చూస్తే ముచ్చటేస్తాది. అది మనవాళ్ళు సొంతంగా పెట్టుకున్న టిక్కెట్టు కౌంటరు.

విజయనగరం సంగతి కొంచెం ఆగి చూడాలి. ఆ ఊరి పేరు చెప్తే సంగీతం అంటారు. 1919లో అక్కడి మహారాజు సంగీత కళాశాల పెట్టినారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పి, దాసుగారి తర్వాత ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. వాళ్ళ విద్వత్తు మీద ఎవరికీ పేచీ లేదు. కానీ ఆ విద్వత్తు కింద ఒక నెలజీతం ఉంది, ఒక భవనం ఉంది, నేర్చుకోడానికి వచ్చిన పిల్లలకి ఒక పాఠక్రమం ఉంది, చివర్లో చేతికొచ్చే ఒక కాయితం ఉంది. నూరేళ్ళకి పైగా ఆ ఖర్చుని ఎవరూ దండగ అనలేదు, అనకూడదు కూడా. ఆ ఊరికి ఒక పూట ప్రయాణంలో, సవర తుడుము ఏ దెబ్బ ఎప్పుడు పడాలో, ఏ పండక్కి ఏ వరసో, కర్మ రోజున ఎలా కొట్టాలో అంతా తలలో పెట్టుకున్న పెద్దలున్నారు. వాళ్ళకి జీతం లేదు, భవనం లేదు, కాయితం లేదు. ఏడాదికోసారి హెలిప్యాడ్ దగ్గర స్వాగతం చెప్పే పని ఉంది. "శాస్త్రీయం" అన్నదానికి జీతం, "గిరిజన" అన్నదానికి టిఫిను. ఈ తేడా సంగీతంలోంచి వచ్చింది కాదు, ఖాతా పుస్తకంలోంచి వచ్చింది.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. మన మాటకి పుస్తకం విలువ ఉందని ఆయన తొంభై ఏళ్ళ కిందటే చూపించారు. మన వాద్యానికి ఆ మాత్రం మర్యాద ఇంకా రాలేదు.

ప్రభుత్వ ఉత్సవాల పక్కనే పార్కుల వ్యాపారం ఉంది. హైదరాబాదు శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది. దసరాకి ఒక సంబరం, చలికాలంలో ఒక సంబరం, వేసవిలో ఒక కార్నివాలు. వండర్‌లా 2016లో అక్కడికే వచ్చింది. గేటు దగ్గర ఒకే టిక్కెట్టు. లోపల బ్యాండు, డాన్సు, ఊరేగింపు అన్నీ ఊరికే చూపిస్తున్నట్టు ఉంటాది. ఊరికే ఏమీ కాదు, గేటు దగ్గరే కట్టేశాం. పార్కులకి అసలు ఖర్చు రైడ్లది. ఒకసారి రైడు కట్టాక అది పదేళ్ళు అదే. మరి చూసినవాడే మళ్ళీ ఎందుకు రావాలి? అందుకే సీజను పండగలు, ప్రత్యక్ష సంగీతం, వేషాలు. మళ్ళీ మళ్ళీ మనుషుల్ని రప్పించేది ఆడే మనుషులే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పార్కుల టిక్కెట్టు మీద 28 శాతం వేశారు. యజమానులు గట్టిగా అడిగారు, 2018 జనవరిలో 18కి తగ్గింది. అడగడం వాళ్ళకి బాగా తెలుసు.

మన వైపూ ఆ గాలి వీస్తోంది. విశాఖ నుంచి అరకు వెళ్ళే టూరు ప్యాకేజీల్లో బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చివర్లో థింసా నాట్యం అని రాసి అమ్ముతున్నారు. సీతంపేటలో అడ్వెంచర్ పార్కు వచ్చింది. ఆడలి వ్యూ పాయింట్‌కి, మెట్టుగూడ జలపాతానికి ఆదివారాలు బళ్ళు బారులు తీరుతున్నాయి. రేపో మాపో "ఆడలి చలి పండగ" అని ఎవరో బోర్డు పెట్టినా ఆశ్చర్యం లేదు. వద్దని నేను అనను. మన కొండ మీద పండగ పెడితే ఆ ఖర్చుల పట్టీలో మన వరస ఎక్కడ, అంకె ఎంత అన్నది బోర్డు పెట్టకముందే తేలాలి.

వేరే దేశాల్లో ఏటి చేస్తున్నారో కూడా చూడండి. హవాయిలో 1963 నుంచి పాలినీషియన్ కల్చరల్ సెంటర్ అని ఒకటుంది. పసిఫిక్ దీవుల పల్లెల్ని నమూనాలుగా కట్టి, ఆయా దీవుల పాటలు, ఆటలు టిక్కెట్టు పెట్టి చూపిస్తారు. ఆడేవాళ్ళలో చాలామంది పక్కనున్న యూనివర్సిటీ పిల్లలు, ఆ పని మీద వచ్చిన డబ్బుతో చదువుకుంటారు. ఆదివాసీ బతుకుని అలా బొమ్మల కొలువు చేయడం నాకు నచ్చదు. అయినా అక్కడ ఆట ఒక ఉద్యోగం, గంటలకి లెక్క ఉంది. అమెరికాలోనే, కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో మిక్కీ మౌస్ లాంటి వేషాలు కట్టేవాళ్ళు, ఊరేగింపుల్లో ఆడేవాళ్ళు 2024 మే నెలలో యూనియన్ కోసం ఓటు వేశారు. 953 మంది కావాలన్నారు, 258 మంది వద్దన్నారు. ముసుగు లోపల చెమటలు కక్కే మనిషికి కూడా ఒక పేరుంది, ఒక రేటుంది అని వాళ్ళు తేల్చుకున్నారు. మన ఆడవాళ్ళకి ముసుగు కూడా లేదు, ముఖం పోస్టరు మీదే ఉంది. పేరు మాత్రం లేదు.

పేరు మాట వచ్చింది కాబట్టి చట్టం దగ్గరికి వద్దాం. మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇదే పనికొస్తాది.

టిక్కెట్టు పెట్టిన పార్కులో సినిమా పాట మోగాలంటే లైసెన్సు ఫీజు కట్టాలి. రికార్డు వేస్తే ఆ రికార్డు హక్కున్నవాళ్ళకి, పాట రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ వేరే. మతపరమైన కార్యక్రమాలకి, పెళ్ళిళ్ళకి, ప్రభుత్వం చేసే అధికారిక వేడుకలకి కాపీరైటు చట్టం మినహాయింపు ఇచ్చింది గాని, వ్యాపారానికి ఇవ్వలేదు. కాబట్టి పార్కు ఖర్చుల్లో సినిమా పాటకి ఒక గడి ఉంటాది. మన పాటకి ఉండదు. తరతరాలుగా వస్తున్న పాటకి ఫలానావాడు రాశాడని చూపించలేం కదా, చట్టం దృష్టిలో దానికి సొంతదారు లేడు. ఇది చట్టంలో ఉన్న పెద్ద కన్నం. ఆ కన్నం పూడ్చమని అడగడం ఒక పోరాటం, అది వేరే వ్యాసం.

కానీ ఆ చట్టంలోనే మనకి పనికొచ్చేది ఒకటుంది. పాట ఎవరిదైనా, పాడే మనిషికి, ఆడే మనిషికి సొంత హక్కు ఉంది. "ప్రదర్శకుడు" అంటే ఎవరో చట్టం జాబితా రాసింది. నటులు, గాయకులు, నర్తకులే కాదు, దొమ్మరి విద్యలు చేసేవాళ్ళు, గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళు కూడా అందులో ఉన్నారు. తుడుము కొట్టేవాళ్ళు సంగీతకారులు కారని ఎవడూ అనలేడు. ప్రదర్శన జరిగిన ఏడాది తర్వాత 50 ఏళ్ళ దాకా ఆ హక్కు ఉంటాది. మీ ఒప్పుకోలు లేకుండా మీ ఆటని రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోకూడదు. 2012 సవరణతో ఇంకొకటి చేరింది. ఆడింది ఫలానావాళ్ళని పేరు చెప్పమని అడిగే హక్కు. "గిరిజన నృత్యం" అని రెండు ముక్కలు రాసీసి సరిపెట్టడం కుదరదు. ఏ ఊరు జట్టు, ఎవరి ముందుండి నడిపారు అన్నది రాయమని అడగొచ్చు.

డబ్బు దగ్గర ఇంకో దొంగమాట వినిపిస్తాది. "జీఎస్టీ పోతాది తమ్ముడూ, అందుకే తగ్గింది." జానపద, శాస్త్రీయ కళల్లో కళాకారుడు చేసే ప్రదర్శనకి తీసుకునే మొత్తం లక్షా యాభై వేలు దాటకపోతే జీఎస్టీ లేదు. 2017లోనే ఆ మినహాయింపు ఇచ్చినారు. ఈవెంటు సంస్థ తన బిల్లు మీద కట్టుకునే పన్ను దాని గొడవ, దాన్ని మన చేతి డబ్బులోంచి కోయడానికి వీల్లేదు. ఆ మాట ఎవరైనా అంటే ఏ కాయితం మీద ఉందో చూపించమనండి, చాలు.

ఇప్పుడు ఎదుటివాళ్ళ మాట కూడా వినాలి. జనం సినిమా గాయకుల కోసమే వస్తారు, వాళ్ళు లేకపోతే మైదానం ఖాళీ, మీ థింసా చూడటానికి ఎవరొస్తారు అంటారు. కొంత నిజమే. మనమూ సినిమా పాటలకి గంతులేసేవాళ్ళమే. అరకు దాకా ఘాటు రోడ్డు ఎక్కి వచ్చేవాడి సంగతి మాత్రం వేరు. ఆ గాయకుడి పాట వాడికి ఇంట్లో టీవీలో దొరుకుతాది. వాడు కొండ కోసం, చలి కోసం, కొండ మీద మనుషుల కోసం వస్తాడు. పోస్టరు వేసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు, తెలిసే మన ఫోటో వేశారు. జనాన్ని రప్పించేది మన బొమ్మ అయినప్పుడు, జనాన్ని రప్పించినందుకు ఇచ్చే డబ్బులో మన వాటా ఎందుకు లేదు?

రెండో అభ్యంతరం మన లోపలినుంచే వస్తాది. కళ ప్రజలది, దాన్ని అమ్ముకోకూడదు అని మన సంఘాల్లోనే పెద్దలు అంటారు. శ్రీకాకుళం నేల మీద ఆ మాటకి బరువుంది. బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని జనం గొంతు చేసి ఊరూరా చెప్పారు, 1969 డిసెంబరులో ఆయన్ని కాల్చి చంపారు. ఆయన కథకి టిక్కెట్టు పెట్టలేదు. పెట్టకపోవడమే ఆ కథకి బలం. కానీ ఆయన చెప్పింది తన జనానికి. పర్యాటక శాఖ స్టేజీ మీద, ప్యాకేజీ కొనుక్కున్నవాళ్ళ ముందు ఆడే ఆట దాంతో సమానం కాదు. పార్వతీపురం పక్కన పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఉద్యమ సభల్లో ఎన్ని వందల రాత్రులు ఊరికే పాడి ఉంటారో. అదే వంగపండు, తన పాటలో మాటలు 2009లో "మగధీర" సినిమాలో తనని అడక్కుండా వాడుకున్నారని నిలదీశారు. జనానికి ఊరికే పాడటం, వ్యాపారాన్ని లెక్క అడగడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఇమిడే పనులే.

మన గూడేల సంగతి కూడా చెప్పుకోవాలి, దాచి లాభం లేదు. పెళ్ళి వస్తే బొలేరో మీద డీజే బాక్సులు కడుతున్నాం. డీజే వాడికి నెల ముందే అడ్వాన్సు. తుడుము తాతకి మాత్రం పొద్దున్న కబురు, రాత్రికి ఒక సీసా. బాక్సుల మోతలో ఆయన దెబ్బ ఎవరికీ వినపడదు, కాసేపుండి ఆయనే ఇంటికెళ్ళిపోతాడు. ఈవెంటు సంస్థ లెక్కే మన ఇంటి లెక్క అయిపోనాది. మీ ఊర్లో ఈసారి పెళ్ళి ఉంటే డీజేకి ఇచ్చే అడ్వాన్సులో పావు వంతైనా ముందు తాత చేతిలో పెట్టి చూడండి. పక్కనే ఇద్దరు కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని ఆయన దగ్గర నేర్చుకోడానికి కూర్చుంటారు. పిల్లలు డబ్బున్న చోటికే పోతారు, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

సరే, ఫోను వస్తే ఏటి చెయ్యాలి? మొదట, ఫోను మీద ఒప్పుకోవద్దు. "వాట్సాప్‌లో రాసి పంపండి సార్, ఊర్లో పెద్దలకి చూపించి చెప్తాం" అనండి. ఈ ఒక్క మాటకే అవతలి గొంతు మారుతాది. ఎంతమంది, ఎన్ని రోజులు, ఎన్ని నిమిషాలు, మొత్తం ఎంత, ఎవరు ఇస్తారు, ఎప్పుడిస్తారు, బండి ఎవరిది, ఆడవాళ్ళు రాత్రి పడుకునే గది ఎక్కడ, వీడియో దేనికి వాడతారు, జట్టు పేరు ఎక్కడ రాస్తారు. గది మాట మర్చిపోకండి. స్కూలు వరండాలో, స్టేజీ వెనక టార్పాలిన్ కింద మన అక్కచెల్లెళ్ళు రాత్రి గడిపిన ఉత్సవాలున్నాయి. సగం డబ్బు బండి ఎక్కకముందు, మిగతా సగం ఆట అయిన రాత్రే. అడ్వాన్సు కుదరదంటే బండి కిరాయైనా ముందు వేయించుకోండి. జట్టు పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి పెట్టుకుంటే "ఎవరి పేరు మీద వెయ్యమంటారు" అన్న సాకు పోతాది, మధ్యలో ఉండే చెయ్యీ పోతాది. ఒక జట్టు ఇలా అడిగితే ఇంకో జట్టుని పిలుస్తారు, అదీ నిజమే. అందుకే సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం జట్లు దసరాకి ముందే ఒకచోట కూర్చుని ఒక కనీస రేటు అనుకోవాలి. దానికంటే తక్కువకి ఎవరూ కొండ దిగకూడదు.

ఉత్సవం అయ్యాక ఇంకో పని. సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు, మండలం ఆఫీసుకైతే ఐదు, ఊరి స్థాయిలో ఫీజే లేదు. తెల్లకార్డు ఉన్న దారిద్ర్య రేఖ దిగువ కుటుంబమైతే ఎక్కడా కట్టక్కర్లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఖర్చు వివరాలు ఇవ్వండి" అని రాస్తే మొత్తం ఒక అంకె రాసి పంపీస్తారు, దాంతో మీకేమీ తెలీదు. విడివిడిగా అడగండి. స్టేజీ, సౌండు, లైటింగుకి ఎంత. సినీ కళాకారులకి ఎంత. ఈవెంటు సంస్థకి ఎంత, టెండరు పిలిచారా. గిరిజన కళా బృందాలు ఎన్ని, ఒక్కో బృందం పేరు, మనుషుల సంఖ్య, ఇచ్చిన మొత్తం, చెల్లించిన తేదీ, ఓచరు నకలు. ఆ ఓచరు నకలు తప్పకుండా అడగండి. మీ జట్టుకి ఇచ్చామని అక్కడ రాసున్న అంకె, మీ చేతికి వచ్చిన అంకె ఒకటేనో కాదో పక్కపక్కన పెట్టి చూడాలి.

అదే దరఖాస్తులో చివర ఇంకొక ప్రశ్న కలపండి. ఈ ఉత్సవానికి ఐటీడీఏ నుంచి గాని, గిరిజన ఉప ప్రణాళిక పద్దు నుంచి గాని డబ్బు వాడారా, వాడితే ఎంత, దేనికి అని. 2013లో వచ్చిన ఉప ప్రణాళిక చట్టాన్ని 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఆ డబ్బు గిరిజనులకి నేరుగా మేలు చేసే పనులకే పెట్టాలి. జవాబులో "లేదు" అని వస్తే మంచిదే, దాన్ని దాచిపెట్టుకోండి. "వాడాం" అని వస్తే, అది తుడుము కొట్టినవాళ్ళకి చేరిందో, ఎల్‌ఈడీ తెర కిరాయికి పోయిందో ఓచర్లలో కనిపిస్తాది. వచ్చిన జవాబుల ఫోటోలు ఈ పేజీకి పంపండి. జట్ల పేర్లు బయటపెట్టం, అంకెలు పెడతాం.